పేలున్నాయని ఇంటికి పంపితే

మన బడిలో సోమవారం ప్రార్థన అయ్యాక గోళ్ళూ తలలూ చూసేవారు, గుర్తుందా? పేలు కనిపించినా, వేళ్ళ సందుల్లో గజ్జి ఉన్నా, కళ్ళకలక వచ్చినా ఒకటే మాట: "తగ్గాక రా." మా వరుసలో ఒకమ్మాయి అలా వెళ్ళి దసరా దాకా రాలేదు. వాళ్ళమ్మ తెల్లారకముందే నాట్లకి పోయేది, ఇక తల చూసేదెవరు?

నర్సింగులో చేరాక, క్లాసులో లీనా రోజర్స్ అనే అమెరికా బడి నర్సు గురించి చెబుతుంటే నాకు ఆ అమ్మాయే కళ్ళముందు మెదిలింది. న్యూయార్క్‌లో 1897 నుంచి డాక్టర్లు బడులకొచ్చి పిల్లల్ని చూసేవారు. అంటురోగం ఉంటే ఇంటికి పంపడమే తప్ప మందిచ్చే పని లేదు. వలస వచ్చిన తల్లిదండ్రులకు ఏం చెయ్యాలో తెలిసేది కాదు. పొద్దున పంపేసిన పిల్లాడు సాయంత్రం అదే క్లాసువాళ్ళతో వీధిలో ఆడుకునేవాడు! హెన్రీ స్ట్రీట్‌లో నర్సుల కేంద్రం నడిపే లిలియన్ వాల్డ్, ఒక నెల చూడండంటూ తమ నర్సునిచ్చారు. అలా 1902 అక్టోబరులో రోజర్స్ నాలుగు బడుల్లో పని మొదలుపెట్టారు.

ఆవిడ వాడిన మందులు చూస్తే కొన్ని మన ఇళ్ళల్లోవే. పేలకు కిరసనాయిలు, ఆలివ్ నూనె సమపాళ్ళలో పట్టించి మర్నాడు తలంటడం, ఈపులు వదలడానికి వేడి వెనిగర్. (మా నాయనమ్మా కిరసనాయిలే రాసేది. ఇప్పుడెవరూ చెయ్యకండి, నిప్పు దగ్గరికెళ్తే అంతే సంగతులు.) గజ్జికి సబ్బు మందుతో బాగా రుద్ది గంధకం లేపనం. నాకు అన్నిటికన్నా నచ్చింది తామర వైద్యం. మచ్చని శుభ్రంగా కడిగి, పైన కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసేవారు. ఆరగానే అది పల్చటి పొరలా చర్మానికి అతుక్కుపోతుంది, తామర పక్కవాళ్ళకి అంటుకోదు. పిల్లాడు తిన్నగా వెళ్ళి క్లాసులో కూర్చోవచ్చు. ఆ తర్వాత ఆవిడ ఇళ్ళకెళ్ళి తల్లులకు చేసి చూపించేవారు.

1902 సెప్టెంబరులో న్యూయార్క్ బడుల నుంచి 10,567 సార్లు పిల్లల్ని ఇంటికి పంపారు. 1903 సెప్టెంబరుకి అది 1,101కి దిగింది.

ఈసారి బడికి కొత్త ఆర్చి కట్టిద్దామంటున్నారు కమిటీవాళ్ళు. కట్టండి, కాదనను. స్టాఫ్ రూం పక్క గది ఖాళీగానే ఉందట. దానికో కుళాయి, బల్ల, తాళం వేసే బీరువా కూడా ఇప్పించండి. నేను రిటైరై ఊళ్ళోనే ఉంటున్నాను, వారం వారం వచ్చి కూర్చుంటాను.