‘డ’ లేని కీబోర్డు

రోజంతా తెలుగు అనువాదాలు టైపు చేయడమే నా ఉద్యోగం. కుడి మణికట్టులో చిటికెన వేలి వైపు నొప్పి మొదలైనప్పుడు, రెండు భాగాలుగా విడివిడిగా ఉండే కీబోర్డు వాడి చూడమని మా బెంగళూరు ఆఫీసులో ఒక తమ్ముడు చెప్పాడు. మామూలు కీబోర్డు మీద చేతులు రెండూ ఛాతీ ముందుకు చేరడం వల్ల మణికట్లు బయటి వైపు వంగుతాయి. భాగాలను భుజాల వెడల్పున దూరంగా పెట్టుకుంటే ముంజేయి, అరచేయి ఒకే గీతలో ఉంటాయి.

తయారుగా దొరికేవాటి ధర నాకు అందేది కాదు. అందుకని ముందు ఎస్పీ రోడ్డులో 400 రూపాయలకు రెండు పాత కీబోర్డులు కొని, ఎడమ చేతికొకటి, కుడి చేతికొకటి పెట్టుకుని వారం రోజులు పని చేశాను. విండోస్‌లో ఒకదానిపై షిఫ్ట్ నొక్కి రెండోదానిపై అక్షరం కొట్టినా సరిగ్గానే పడుతుంది. నాలుగో రోజుకే భుజాల బిగువు తగ్గింది. డబ్బు పెట్టేముందు ఎవరైనా ఈ పరీక్ష చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఆ తరువాతే, డిజైను అందరికీ ఉచితంగా దొరికే కోర్నే అనే 42 మీటల కీబోర్డును విడిభాగాలు తెచ్చి నేనే సోల్డరింగ్ చేసుకున్నాను. మొత్తం సుమారు 4,500 రూపాయలు అయింది. మీటకొకటి చొప్పున అతికించే 42 డయోడ్లలో (కరెంటును ఒకే వైపు పోనిచ్చే చిన్న భాగాలు) రెండింటిని తిరగేసి అతికించడంతో ఆ రెండు మీటలూ పలకలేదు; వాటిని ఊడదీసి సరిచేయడానికి ఒక సాయంత్రం పట్టింది. రెండు భాగాలనూ కలిపే తీగను మాత్రం యూఎస్‌బీ తీయకుండా ఎన్నడూ పీకకూడదు, షార్ట్ సర్క్యూట్ అయ్యే ప్రమాదం ఉంది.

అసలు చిక్కు తెలుగు దగ్గర వచ్చింది. నేను వాడేది ఇన్‌స్క్రిప్ట్, అంటే భారతీయ భాషల కోసం చేసిన మీటల అమరిక. అందులో గుణింతాలు ఎడమ చేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతికి వస్తాయి కాబట్టి, చేతులు వంతులవారీగా కదిలే ఈ పద్ధతికి విడి కీబోర్డు ఎంతో చక్కగా అమరుతుంది. అయితే ‘డ’ ఉండేది ఇంగ్లీషు పి పక్కనున్న బ్రాకెట్ మీట మీద. కోర్నేలో ఆ చోటు మామూలుగా బ్యాక్‌స్పేస్‌ది. ‘డ’ లేకుండా తెలుగులో ఒక్క పేరా కూడా నడవదు. ఏ మీట ఏం చేయాలో నిర్ణయించేది కీబోర్డు లోపలి ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్; క్యూఎంకే అనే ఉచిత ఫర్మ్‌వేర్‌లో బ్యాక్‌స్పేస్‌ను బొటనవేలి కిందికి దించి, ఆ చోట బ్రాకెట్ మీటను పెట్టాను. దాని పక్క మీటకు షిఫ్ట్‌తో వచ్చే ‘ఞ’కు ఇక చోటు మిగలక, అంకెలతో పాటు రెండో పొరలోకి, అంటే వేరే మీట నొక్కి పట్టుకుంటేనే అందే అమరికలోకి, పంపాను. అందుకే ‘జ్ఞానం’ అనే మాట నాకు ఇంకా నెమ్మదిగానే పడుతుంది.

‘వ’ కూడా ఇబ్బంది పెట్టింది. అది ఇంగ్లీషు బి మీట మీద ఉంటుంది, దాన్ని ఇన్నేళ్లూ కుడి చూపుడువేలితో కొట్టానన్న సంగతి, అది ఎడమ భాగానికి వెళ్లిపోయాకే గమనించాను. మూడు వారాలకు పాత వేగంలో ముప్పాతిక వంతు వచ్చింది, సాయంత్రపు నొప్పి బాగా తగ్గింది. అత్యవసరమైన పని వచ్చిన రోజున మాత్రం ఆ పాత కీబోర్డుల జంటనే బయటికి తీస్తున్నాను.