బావ ప్యాంటుకు అంటని నలుపు

జూన్ మొదటి వారం

నేను చేసి బావకిచ్చిన తోలు బెల్టు తిరిగొచ్చింది. మూడున్నర మిల్లీమీటర్ల మందం తోలు, ఈ చివర నుంచి ఆ చివర దాకా మామిడిపిందెల లత. చెక్కడానికే రెండు ఆదివారాలు పట్టింది. నల్ల స్పిరిట్ రంగు మూడు పూతలు వేశాను, మూడుసార్లు వేస్తే నలుపు చిక్కబడుతుందని. ఆయన దాన్ని లేత గోధుమరంగు ప్యాంటు మీద పెట్టుకుని పెళ్లికి వెళ్లాడు. చెమట పట్టింది. నడుం చుట్టూ బొగ్గుతో గీసినట్టు పట్టీ.

"బెల్టు బ్రహ్మాండంగా ఉందిరా. ఈసారి ప్యాంటు కూడా కలిపి ఇవ్వు" అన్నాడు.

తప్పు రంగుది కాదు, నాదే. స్పిరిట్ రంగులో ఆల్కహాల్ తోలులోకి చొచ్చుకుపోయి ఆరిపోతుంది. తోలు పట్టగలిగినంత రంగు లోపల నిలుస్తుంది, మిగతాది పైన పొడిలా కూర్చుంటుంది. ఆ పొడిని గుడ్డతో రుద్ది రుద్ది తీసేయాలి. నేను తీయకుండా పైన మైనం పూసి మెరిపించాను. ఒంటి వేడికి మైనం మెత్తబడింది, రంగు దాంతోపాటు దిగింది. మూడో పూత వల్ల నలుపేమీ పెరగలేదు, పొడి పెరిగింది.

పాత ముక్కొకటి తీసి రుద్దితే నాలుగు గుడ్డలు నల్లబడ్డాక గానీ ఐదోది తెల్లగా రాలేదు. ఇకనుంచి ఏ ముక్కయినా ఇంట్లోంచి బయటికి వెళ్లే ముందు ఒక పరీక్ష పెట్టుకున్నాను. తెల్ల నూలు గుడ్డతో పొడిగా ఇరవైసార్లు, తడిపి పదిసార్లు రుద్దాలి. తడిగుడ్డ దగ్గరే అసలు సంగతి తెలుస్తుంది.

జూన్ మూడో వారం

ఇంకో నష్టం. కొత్త తోలు తడిపి, అంచులు లేవకుండా ఉంటాయని తాతగారి కొట్లోని ఇనుప తూకపురాయి, అరకిలోది, పైన పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే ఆరు పలకల నల్లమచ్చ. కడిగితే పోలేదు. నిమ్మరసం రాస్తే కొంచెం పలచబడింది, అంతే.

చిరాగ్గా ఆ ముక్కను పక్కన పడేసి, రెండు రోజుల తర్వాత ఎందుకో తీసి తెల్లగుడ్డతో రుద్దాను. గుడ్డకు ఏమీ అంటలేదు. తడిపి రుద్దాను. అప్పుడూ అంటలేదు. మూడు పూతల రంగు చేయలేని పని తూకపురాయి ఒక్క రాత్రిలో చేసేసింది!

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే పిన్నికి ఫోన్ చేసి చెప్తే నవ్వింది. "అదేం వింతరా? మేం ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో ఊరేసి గీసేది ఆ నలుపే కదా. బట్టకు ముందు కరక్కాయ పట్టించాలి. కరక్కాయ లేకపోతే నలుపు ఎక్కదు."

కరక్కాయలో ఉండేది టానిన్. చెట్టు బెరడుతో పదును చేసిన (పచ్చితోలు కుళ్లకుండా ఊరేసి శుద్ధిచేసిన) తోలులో ఉండేదీ టానినే. మనవైపు పాతకాలంలో లందల్లో (తోళ్లు ఊరేసే గుంటల్లో) తోళ్లను ఊరేసింది తంగేడు చెక్కతో. అంటే బట్టకు పిన్ని విడిగా పట్టించాల్సింది నా తోలులో ముందే ఉంది. ఇనుము వచ్చి టానిన్‌ను కలిస్తే తోలు పీచులోనే నలుపు పుడుతుంది. పైనుంచి పూసింది కాదు గనక రాలడానికి ఏమీ లేదు.

జూలై

సీసాలో ఇనుపనీళ్లు పెట్టాను. బెల్లంతో పెడితే ఇంట్లో వాసనకు ఒప్పుకోరు. అందుకని కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్ ఒక లీటరు, హార్డ్‌వేర్ షాపులో దొరికే సన్న స్టీల్ ఊలు రెండు గుప్పిళ్లు. గిన్నెలు తోమే స్టీల్ పీచు పనికిరాదు, అది తుప్పు పట్టని స్టీలు. వారం రోజులు దాన్ని నానబెట్టి ఏమీ జరగక తల గోక్కున్నాక తెలిసింది. ఊలుకు తుప్పు పట్టకుండా నూనె రాసి ఉంటుంది. గిన్నెల సబ్బుతో బాగా కడిగి, ఆరబెట్టి వేయాలి.

మూత బిగించకూడదు. ఇనుము కరిగేటప్పుడు హైడ్రోజన్ బుడగలు వస్తాయి, బిగిస్తే సీసా పగులుతుంది. మూత మీద చిన్న చిల్లు పొడిచి బాల్కనీలో పెట్టాను, దీపాలకూ స్టవ్వుకూ దూరంగా. పదిహేను రోజులకు ఊలు దాదాపు కరిగింది. కాఫీ వడపోత కాగితంలో రెండుసార్లు వడగట్టాను. వడగట్టకపోతే తుప్పు నలకలు తోలు మీద ఎర్రటి చుక్కలుగా మిగులుతాయి.

ఈ నీళ్లకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. తోలు అమ్మేవాళ్లలో కొందరు దేన్ని చూపించినా "వెజ్ టాన్ సార్" (చెట్టు బెరడుతో పదును చేసింది) అంటారు. అంచు మీద ఒక చుక్క వేస్తే క్షణాల్లో నల్లబడాలి. క్రోమ్‌తో (క్రోమియం లవణాలతో) పదును చేసిన తోలు అలా నల్లబడదు. కోసిన అంచులో నీలం బూడిద ఛాయ కనిపించినా అనుమానించాల్సిందే. క్రోమ్ తోలు మీద చెక్కిన గీతలు ఎలాగూ నిలవవు, ఆరేసరికి ఉబ్బి సాపైపోతాయి. అందుకే చెన్నై నుంచి తెప్పించేటప్పుడు ముందు చిన్న ముక్క పంపమంటున్నాను.

ఆగస్టు

రెండో బెల్టు. చెక్కడం అయ్యాక ఒక రోజంతా ఆరనిచ్చాను. తోలులో టానిన్ ఉన్నా ఇంకాస్త కలవాలని, తర్వాత కరక్కాయ పొడి మరిగించి వడగట్టిన నీళ్లు ఒక పూత (చిక్కటి టీ డికాక్షన్ కూడా పనిచేస్తుంది). పది నిమిషాలాగి ఇనుపనీళ్లు. ముందు బూడిదరంగు, తర్వాత నీలం, అరగంటకు నలుపు. చెక్కిన గీతల అడుగున కూడా ఎక్కింది, స్పిరిట్ రంగయితే అక్కడ బ్రష్ దూరక తెల్లటి చారలు మిగిలేవి.

తర్వాతి పని మాత్రం దాటేయకూడదు. వెనిగర్ ఆమ్లం తోలులో మిగిలితే కాలం గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. లీటరు నీళ్లలో ఒక టేబుల్ స్పూన్ వంటసోడా కలిపి పూసి, రెండు నిమిషాల్లో మంచినీళ్లతో కడిగేశాను. సోడా ఎక్కువైనా తోలుకు చెడే. కడిగాక బెల్టు అప్పడంలా బిగుసుకుంది, గుండె ఝల్లుమంది. ఇంకా కాస్త తేమ ఉండగానే నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాలి ఎముకల నుంచి తీసేది) పలచగా రెండు పూతలు రాస్తే మర్నాటికి మెత్తబడింది, నలుపు కూడా నిజంగా అప్పుడే చిక్కబడింది. వెనిగర్ వాసన ఐదు రోజులు ఉంది.

పైన ఆక్రిలిక్ (ప్లాస్టిక్ పొరలా ఆరే పూత) లాంటిదేమీ వేయలేదు. తేనెమైనం ఒక పాలు, అదే నూనె రెండు పాళ్లు, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి చల్లార్చిన ముద్దను రుద్దాను. తడిగుడ్డ పరీక్షలో గుడ్డ తెల్లగానే ఉంది.

సెప్టెంబరు: గోధుమరంగు సంగతి

నలుపు తేలిపోయాక గోధుమరంగు తేలిక అనుకున్నాను. కాదు. నలుపులో లోపాలు దాక్కుంటాయి, గోధుమరంగులో ప్రతి బ్రష్ చార కనిపిస్తుంది. ఒకే తోలు నుంచి ఆరు ముక్కలు కోసి, అన్నిటి మీదా అదే పువ్వు చెక్కి, వెనక పెన్నుతో ఏం చేశానో రాసుకున్నాను. వేరే తోలు ముక్క మీద పరీక్షిస్తే లెక్కలోకి రాదు, ఒక్కో తోలు ఒక్కోలా పీలుస్తుంది. ఒకే తోలులో కూడా పొట్టభాగం వీపుభాగం కన్నా ఎక్కువ తాగేస్తుంది.

రంగుకు ముందు నూనె పలచగా రాసి ఒక రాత్రి ఉంచిన ముక్క మీద రంగు సమంగా పాకింది. పొడి తోలు మీద మచ్చలు మచ్చలు. రంగును ఆల్కహాల్‌తో సగానికి సగం పలచన చేసి, గుండ్రంగా తిప్పుతూ రెండుసార్లు వేయడం చిక్కటిది ఒక్కసారి వేయడం కన్నా చాలా నయం.

చెక్కడం లేచి కనపడాలంటే ముదురు యాంటీక్ పేస్టు కావాలి. గీతల్లోకి నింపి పైన తుడిచేస్తాం. కానీ నేరుగా రాస్తే పువ్వు, ఆకు, నేల (వాటి వెనకభాగం) అన్నీ ఒకే మురికిరంగు. ముందు రెసొలీన్ లాంటి ఆక్రిలిక్‌ను నీళ్లతో సగానికి పలచన చేసి రెండు పూతలు అడ్డుగా వేయాలి. రెండూ పూర్తిగా ఆరాకే పేస్టు. ఒక్క పూత వేసిన ముక్కలో రేకుల అంచుల దగ్గర పేస్టు లోపలికి దిగిపోయింది. ఆక్రిలిక్‌ను స్పాంజితో గట్టిగా రుద్దితే నురగ గీతల్లో చేరి తెల్లగా ఆరుతుంది. పువ్వు మధ్యలో పాలుపోసినట్టున్న నా మూడో ముక్క అందుకు సాక్షి. ఆక్రిలిక్ చిక్కగా వేస్తే వంగే చోట పగుళ్లు. బెల్టు రోజూ వంగేదే కదా.

అసలు రంగే వేయని ముక్క ఒకటి ఉంది. నూనె రాసి మేడమీద ఎండలో నాలుగు గంటలు పెట్టాను. తేనెరంగు వచ్చింది. ఇంట్లో అందరూ చూసి మెచ్చింది దాన్నే, నాకేమో కొంచెం కడుపుమంట.

డిసెంబరు

నీట్స్‌ఫుట్ అయిపోతే ఒక పర్సుకు కొబ్బరినూనె రాశాను. చలి మొదలవగానే పర్సు మీద తెల్లటి బూజు. బూజనుకుని వెనిగర్‌తో తుడిచాను, మళ్లీ వచ్చింది. సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టి ఉండటం చూశాక వెలిగింది. 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే నూనె తోలు మీద మాత్రం ఎందుకు కట్టదు? జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ రెండు నిమిషాలు చూపిస్తే మాయమైంది. నిజమైన బూజయితే వేడికి పోదు, తేడా అలా తెలుసుకోవచ్చు. చలి ఉన్నన్నాళ్లూ అది తిరిగొస్తూనే ఉంటుంది. పర్సు ఇక నాకే.

బావ కొత్త బెల్టు మూడు నెలలుగా పెట్టుకుంటున్నాడు. మొన్న వచ్చినప్పుడు అడక్కుండానే చొక్కా ఎత్తి తెల్లప్యాంటు చూపించాడు.

ఇప్పుడు బల్ల మీదున్నది గోధుమరంగు నేల మీద నల్ల లత. ఇనుపనీళ్లు గీత దాటి పాకుతున్నాయి. అడ్డుగా ఆక్రిలిక్ వేసి చూశాను, కత్తి గాటు దగ్గర కిందనుంచి దూరుతోంది. పిన్ని కలంకు నూలు చుట్టి గీస్తుంది, సిరా ఎంత దిగాలో వేళ్లతో నొక్కి చెప్తుంది. సంక్రాంతికి వెళ్లి ఆ కలం ఒకటి చేయించుకుని రావాలి.