గాజుపూసలు, ఉప్పునీళ్లు, ట్రిస్: నా అనుభవం

గొట్టంలో ఆకుపచ్చ రంగు కనిపించగానే పని అయిపోయిందనుకున్నాను. గ్లూకోజ్ ఆక్సిడేజ్‌ను గాజుపూసలకు అతికించడం ల్యాబ్‌లో నాకు అప్పగించిన మొదటి పని. ఈ ఎంజైమ్ గ్లూకోజ్‌ను ఆక్సీకరిస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. పెరాక్సిడేజ్ అనే మరో ఎంజైమ్, ఏబీటీఎస్ అనే రంగునిచ్చే రసాయనం కూడా కలిపి ఉంచితే ఆ పెరాక్సైడ్ వల్ల ద్రావణం ఆకుపచ్చగా మారుతుంది. పూసలు వేశాను, రంగు వచ్చింది. ఇంకేం కావాలి?

"ఉప్పునీళ్లతో కడిగి చూశావా?" అన్నారు మా గైడ్.

చూడలేదు. బఫర్‌తో, అంటే పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణంతో, మూడుసార్లు కడిగానంతే. ఈసారి 1 మోలార్ సోడియం క్లోరైడ్‌తో కడిగాను. పూసలు వేసిన గొట్టంలో రంగు దాదాపు రాలేదు. కడిగిన నీళ్లు పారబోయకుండా పరీక్షిస్తే నిమిషాల్లో చిక్కటి ఆకుపచ్చ! నా ఎంజైమంతా ఆ నీళ్లలోకి దిగిపోయింది.

తప్పెక్కడుందో పట్టుకోవడానికి రెండు వారాలు పట్టింది. గాజును ఆమ్లంతో శుభ్రం చేసి, సైలేన్ అనే సిలికాన్ రసాయనంతో దాని మీద అమైన్ గుంపులు (నైట్రోజన్ ఉన్న కొసలు) మొలిపించాను. తర్వాత 2.5 శాతం గ్లూటరాల్డిహైడ్. ఈ అణువుకు రెండు కొసల్లోనూ ఆల్డిహైడ్ ఉంటుంది. ఒక కొస గాజు మీది అమైన్‌ను పట్టుకుంటే, రెండోది ఎంజైమ్‌లోని లైసిన్ (కొసన అమైన్ ఉన్న అమైనో ఆమ్లం) కోసం ఖాళీగా ఉంటుంది. తెల్లటి పూసలు నా కళ్ల ముందే లేత గులాబీ రంగుకు తిరిగాయి. ఆ రంగు వచ్చిందంటే అంతవరకు అంతా సవ్యంగా ఉన్నట్టే. అందుకని ఎంజైమ్‌నే అనుమానించి కొత్త సీసా తెరిచాను. మళ్లీ అదే కథ.

చివరికి ఒకరోజు సాయంత్రం నోట్‌బుక్ ముందేసుకుని, వాడిన ప్రతి పదార్థం నిర్మాణాన్నీ చేత్తో గీయడం మొదలుపెట్టాను. బఫర్ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎంజైమ్‌ను కరిగించింది 50 మిల్లీమోలార్ ట్రిస్‌లో. ట్రిస్ కూడా అమైనే! మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఎంజైమ్ తీసుకున్నాను. దాని అణుభారం సుమారు 1,60,000 కాబట్టి, ఒక్కో ఎంజైమ్ అణువుకు దాదాపు 8,000 ట్రిస్ అణువులు పోటీకి వచ్చాయన్నమాట. ఆల్డిహైడ్లన్నిటినీ అవే ముందుగా ఆక్రమించేశాయి.

మరి మొదట్లో రంగెలా వచ్చింది? ఆ పీహెచ్ దగ్గర గ్లూకోజ్ ఆక్సిడేజ్ మీద రుణావేశం ఉంటుంది, గాజు మీద మిగిలిన అమైన్లకు ధనావేశం. ఆ ఆకర్షణతోనే అది పూసల్ని అంటిపెట్టుకుంది. ఉప్పు పడగానే వదిలేసింది. ఇలాంటి పట్టు పనికిరానిదని మాత్రం అనను. 1969లో జపాన్‌లో తనాబే సెయాకు కంపెనీ అమైనోఎసిలేజ్ అనే ఎంజైమ్‌ను డీఈఏఈ-సెఫడెక్స్ అనే ధనావేశమున్న పదార్థం మీద ఇలాంటి అయానిక్ (ఆవేశాల ఆకర్షణ) పట్టుతోనే నిలిపి, ఎల్-అమైనో ఆమ్లాలను కర్మాగార స్థాయిలో తయారుచేసింది. నా పూసలు మాత్రం ఉప్పుకు తట్టుకోవాలి.

ఈసారి ఎంజైమ్‌ను ఫాస్ఫేట్ బఫర్‌లో కరిగించి, రాత్రంతా 4 డిగ్రీల దగ్గర పూసలతో ఉంచాను. మిగిలిన ఆల్డిహైడ్లను మూసేయడానికి మర్నాడు వాడింది అదే ట్రిస్! అప్పుడు అది అవసరం.

ఉప్పునీళ్లతో మూడుసార్లు కడిగాను. కడిగిన నీళ్లు అరగంట గడిచినా రంగు మారలేదు. పూసల గొట్టం మాత్రం ఆకుపచ్చ.

అతుక్కున్న ఎంజైమ్ లెక్కన చూస్తే చురుకుదనం మూడో వంతే మిగిలింది. కొన్ని అణువులు చురుకైన భాగం గాజు వైపుకు తిరిగేలా అతుక్కుని ఉంటాయి, కొన్నిటికి బంధం పడిన చోటే ఇబ్బందై ఉంటుంది. మొదట ఈ అంకె చూసి బాధపడ్డాను. కానీ అవే పూసలను కడిగి, మళ్లీ గ్లూకోజ్‌లో వేసి, మళ్లీ కడిగి వాడుతూ పోతే, పదోసారి కూడా గొట్టం ఆకుపచ్చగా మారింది.