మణికట్టు నుంచి గుండె దాకా: నా యాంజియోగ్రామ్ అనుభవం

కాస్త వేగంగా నడిస్తే ఛాతీ బరువెక్కుతోందని వెళితే, డాక్టర్ గారు ట్రెడ్‌మిల్ టెస్ట్ చూసి యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల్లోకి సన్నని గొట్టం పంపి అడ్డంకులు చూసే పరీక్ష) తప్పదన్నారు. "తొడ నుంచి కాదండీ, చేతి నుంచే చేసేస్తాం" అన్నారు. ధైర్యం చెప్పడానికే అన్నా, నాకు టెన్షన్ ఇంకా పెరిగింది. చేతికి రక్తం తీసుకెళ్లే నాళంలోకే గొట్టం దూరిస్తే ఇక వేళ్ల సంగతేంటి? అదే అడిగేశాను.

ఆయన విసుక్కోకుండా నా చేతి మీదే వేలు పెట్టి దారంతా చూపించారు. కాలర్ ఎముక కింద ఉండేది సబ్‌క్లేవియన్ ధమని. మొదటి పక్కటెముక దాటి చంకలోకి దిగితే అదే యాక్సిలరీ. చంక దాటాక బ్రేకియల్. బీపీ చూసేటప్పుడు పట్టీ చుట్టి నొక్కేది దీన్నే. మోచేతి మడత దాటగానే ఇది రెండుగా చీలుతుంది: బొటనవేలి వైపు రేడియల్, చిటికెన వేలి వైపు అల్నార్. ఈ రెండూ అరచేతిలో మళ్లీ కలుసుకుంటాయి, అదీ రెండు చోట్ల, రెండు వంపుల్లా. పైన ఉండే వంపుకి ఎక్కువ రక్తం అల్నార్ నుంచి, లోతుగా ఉండే వంపుకి రేడియల్ నుంచి వస్తుంది. అందుకే ఒకటి మూసుకుపోయినా మామూలుగా రెండోది చేతిని కాపాడుతుంది. పైగా నాడి దగ్గర రేడియల్ చర్మం కిందే, ఎముక మీద ఉంటుంది కాబట్టి రక్తం కారితే నొక్కి ఆపడం తేలిక. ఇది విన్నాకే నా మనసు కుదుటపడింది.

మాటలతో సరిపెట్టలేదు కూడా. బొటనవేలికి ఆక్సిజన్ క్లిప్ పెట్టి, మణికట్టు దగ్గర రేడియల్‌ని గట్టిగా నొక్కారు. మానిటర్ మీద వేలిలోని రక్తప్రవాహాన్ని చూపించే అల చిన్నదైపోయింది. గుండె ఝల్లుమంది. కానీ చూస్తుండగానే అల మళ్లీ లేచింది. "చూశారా, అల్నార్ నుంచి వస్తోంది" అన్నారు.

క్యాథ్ ల్యాబ్‌లో, అంటే ఈ పరీక్ష చేసే గదిలో, కుడిచేయి చాపి, మణికట్టు కింద గుడ్డ చుట్ట పెట్టి వెనక్కి వంచారు. మత్తు సూది చురుక్కుమంది. అసలు గుచ్చడం తెలియలేదు. సన్నని గొట్టం లోపల పెట్టి మందు ఎక్కించగానే ముంజేయంతా వెచ్చగా పాకింది. రేడియల్ గోడలో కండరం ఎక్కువ, దేన్ని తాకినా బిగుసుకుంటుంది, భయపడితే ఇంకాస్త. ఆ బిగువు రాకుండానే ఈ మందు. ఆ ధమని వెడల్పే రెండు మూడు మిల్లీమీటర్లు, లోపలికి వెళ్లే గొట్టం సుమారు రెండు. ముంజేతిలో ఒకచోట లోపల లాగినట్టయింది, చెప్పాను. "చేయి వదులుగా ఉంచండి" అని ఓ క్షణం ఆగి ముందుకెళ్లారు. మోచేయి దాటాక నాళం పెద్దది, నాకేమీ తెలియలేదు. భుజం దగ్గరికి వచ్చేసరికి "గట్టిగా ఊపిరి తీసుకోండి" అన్నారు. అలా పీలిస్తే ఛాతీలోని మలుపు కొంచెం సాఫీ అయి, గొట్టానికి దారి చూపే సన్నని తీగ గుండె వైపు దిగుతుందట. స్క్రీన్ మీద అది వంపు తిరిగి దిగడం నేనూ చూశాను. ఒక నాళంలో కొద్దిగా అడ్డు ఉంది, మందులు చాలన్నారు.

1989లో మాంట్రియల్‌లో లూసియన్ కాంపో అనే డాక్టరు ఇలా మణికట్టు దారిలో చేసిన యాంజియోగ్రామ్‌ల ఫలితాలు ప్రచురించారు. పరీక్ష అయిన కాసేపటికే లేచి కూర్చోగలిగిన నాకు ఆయన మీద నిజంగా గౌరవం కలిగింది.

తర్వాత మణికట్టుకి గాలి నింపే బ్యాండ్ కట్టారు. ఇక్కడ సిస్టర్ పనితనం గురించి చెప్పాలి. గట్టిగా బిగిస్తే రక్తం ఆగుతుంది గానీ, ధమనిలో ప్రవాహం కూడా ఆగి గడ్డకట్టే ప్రమాదం ఉంది. అందుకే ఆమె కొద్దికొద్దిగా గాలి తీస్తూ, గాయం దగ్గర చుక్క రక్తం కనిపించగానే మళ్లీ కాస్త నింపేవారు. మధ్యలో అల్నార్‌ని నొక్కి పట్టి, క్లిప్‌లో అల వస్తోందో లేదో చూసుకునేవారు. కొన్ని గంటలపాటు అంతే ఓపికగా చేశారు.

మణికట్టు కమిలింది, కొన్ని రోజుల్లో తగ్గింది. ఆ చేత్తో బరువులు ఎత్తొద్దన్నారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి. రేపు డయాలసిస్ కోసం ఫిస్టులా (ధమనిని సిరతో కలిపే ఆపరేషన్) చేయాల్సి వస్తే మణికట్టు దగ్గర వాడేది ఈ రేడియల్ ధమనినే. అలాంటివాళ్లకి వేరే దారి ఎంచుకునే అవకాశం ఉంటుంది.