ఉగాది పొద్దున దేవుని కడపలో

అయిదున్నరకే పోయినా గుడి క్యూ రోడ్డు దాకా ఉంది. నా ముందు బురఖాలో ఒక పెద్దామె. సంచిలో బియ్యం, బెల్లం, చింతపండు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డని, వెంకటేశ్వరస్వామి అల్లుడని కడప ముస్లింల నమ్మకం. అందుకే ఉగాదికి వస్తారు.

మధ్యలో ఒకాయన దూరబోతే ఆమె ఊరుకోలేదు. "ఏం నాయనా, పుట్టింటోళ్లం మేమే లైన్లో ఉంటిమి, నీకేం తొందర?" క్యూ అంతా నవ్వు. ఆయనా నవ్వుకుంటూ వెనక్కి పోయినాడు.

నాకే సిగ్గేసింది. రాత్రి మా కాలనీ వాట్సాప్ గ్రూపులో మసీదు మైకుల గురించి ఒకటే గొడవ. దాచడమెందుకు, నేనూ రెండు ఘాటు మెసేజ్‌లు పెట్టినా. ఎవరి మతం వాళ్లు పాటించుకోవచ్చనే రాజ్యాంగం 25వ అధికరణం బడిలో బట్టీ పట్టినోణ్ణే!

బయటికొచ్చినాక ఆమె చిన్న బెల్లం ముక్క చేతిలో పెట్టింది. మెసేజ్‌లు డిలీట్ చేద్దామని ఫోన్ తీస్తే, అప్పటికే అందరూ చూసేసినారు.