క్యాచ్, చేజ్: ఇంగ్లీషు వికృతులు

యజ్ఞం–జన్నం, ఆశ్చర్యం–అచ్చెరువు. ఈ ప్రకృతి–వికృతుల పట్టిక తెలుగు బళ్లో బట్టీ పట్టని వాళ్లుండరు. ఇంగ్లీషుకూ అలాంటి పట్టికే వేసుకోవచ్చు. అది వదిలేసి స్పెల్లింగులు మాత్రం వల్లె వేయిస్తారు.

ఒంగోలు గిత్తతో మొదలుపెడదాం. లాటిన్లో 'కాపుట్' అంటే తల. దాన్నుంచి పుట్టిన 'కాపిటాలే' అంటే ఆస్తి. 1066లో నార్మండీ పాలకుడు విలియం ఇంగ్లండును గెలిచాక, అతని మనుషుల ఫ్రెంచి యాస అక్కడ పాతుకుపోయింది. ఆ యాసలో మొదటి 'క' చెక్కుచెదరలేదు, అందుకే పశువులు 'క్యాటిల్'. పారిస్ వైపు 'క' కాస్తా 'చ' అయింది. ఆ దారిన వచ్చింది 'చాటెల్', అంటే చరాస్తి. కోర్టు కాగితాల్లో ఇప్పటికీ కనబడుతుంది. లాటిన్ రూపాన్ని అంటిపెట్టుకున్నది 'క్యాపిటల్'. ఇది ప్రకృతి, మిగతా రెండూ వికృతులు. ఆస్తి అనే మాట పశువుకు అంటుకోవడం మనకు వింతేమీ కాదు, గొడ్లను 'సొమ్ములు' అనే పల్లెలు మనకూ ఉన్నాయి కదా.

క్రికెట్లో 'క్యాచ్', 'చేజ్' కూడా ఇంతే. రెండూ ఒకే లాటిన్ మాట పిల్లలు, ఒకటి నార్మన్ ఇంటిది, ఇంకోటి పారిస్ ఇంటిది. నార్మన్లు 'వ' అన్నచోట పారిస్ వాళ్లు 'గ' అన్నారు. నెల్లూరు ట్రంకురోడ్డులో ఫ్యాను కొంటే "వారంటీనా, గ్యారంటీనా?" అని బేరమాడతాం. మాటకు మూలం మాత్రం ఒకటే.

తర్వాత ఫ్రెంచి 'చ' కూడా మెత్తబడి 'ష' అయింది. ముందే ఇంగ్లీషులో చేరిన 'చీఫ్'కి 'చ' మిగిలింది, 19వ శతాబ్దంలో వచ్చిన వంటమాస్టరు 'షెఫ్' అయ్యాడు. ఇద్దరిదీ ఆ 'తల' మాటే, స్పెల్లింగులోనూ మొదటి రెండక్షరాలు ఒకటే.

అలాగని 'చ' వినబడగానే ఫ్రెంచి అనుకుంటే బోల్తా పడతారు. 'చిన్' అచ్చ ఇంగ్లీషు. 'చీజ్' లాటిన్దే గానీ నార్మన్లకు వందల ఏళ్ల ముందే చేరింది, దాని 'క'ను 'చ' చేసింది ఇంగ్లీషే. స్పెల్లింగునూ పూర్తిగా నమ్మకూడదు. అప్పు అనే అర్థమున్న 'డెట్' ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో 'బి' లేదు. లాటిన్ 'డెబిటుమ్' గుర్తుకు రావాలని పండితులు దూర్చారు. రాతలో నిలిచింది గానీ నోటికెక్కలేదు. మనవాళ్లు పాపం 'డెబ్ట్' అని దాన్నీ పలుకుతారు.

మన మాటకూ ఇంగ్లీషులో ఒక వికృతి ఉంది. పెన్నా కింద వరిగట్లు తొలిచే పందికొక్కు, దొరల నోట్లో పడి 'బాండికూట్' అయింది. మొదటి 'ప' 'బ'గా మారింది, చివరి 'కొక్కు' 'కూట్'గా అరిగింది. జంతుశాస్త్రంలో ఆ ఎలుకల ప్రజాతి పేరే 'బాండికోటా'. ఆస్ట్రేలియాలో దిగిన తెల్లవాళ్లు, పిల్లల్ని పొట్టసంచిలో మోసే ఒక పొడుగు మూతి జంతువుకూ అదే పేరు తగిలించారు. అది పందీ కాదు, కొక్కూ కాదు.