తకావో కొండ మీద టెంగులు, మన గరుత్మంతుడు

టోక్యోలో షింజుకు నుంచి కేయో లైన్ ట్రైన్ ఎక్కితే గంట లోపే తకావో కొండ కిందకి వచ్చేస్తాం, ఎత్తు 599 మీటర్లే గానీ జపాన్ వాళ్ళకి అది టెంగులు తిరిగే కొండ. నవంబర్‌లో మా ఏడేళ్ళ బాబుని తీసుకెళ్ళా. టెంగు అంటే కొండల్లో ఉండే మాయావి, ఎర్రటి మొహం, జానెడు ముక్కు, చేతిలో ఈకల విసనకర్ర... పాతరోజుల్లో పిల్లలు కనపడకపోతే టెంగు ఎత్తుకుపోయిందనేవాళ్ళట. ట్రైన్‌లో ఈ మాట ఎందుకు చెప్పానో గానీ వాడు ఎక్కినంతసేపూ నా చెయ్యి వదల్లేదు.

దారిలో టాకోసుగి అని పెద్ద చెట్టు, వేళ్ళు ఆక్టోపస్ కాళ్ళలా చుట్టుకుపోయి ఉంటాయి. దారికి అడ్డమని టెంగులు నరకబోతే రాత్రికి రాత్రే భయంతో వేళ్ళు ముడుచుకుందట. మావాడు దాన్ని చూసి "పాపం కదా నాన్నా" అన్నాడు. ఇంకొంచెం పైకెళ్తే 108 మెట్లు, మనిషికుండే 108 క్లేశాలకి గుర్తు. అష్టోత్తరాలు వింటూ పెరిగినవాణ్ణి, ఆ లెక్క వినగానే ప్రాణం లేచొచ్చింది.

పైన యాకుఓయిన్ గుడి, 744లో కట్టారంటారు. అక్కడ రెండు టెంగు విగ్రహాలు, ఒకటి పొడుగు ముక్కుది, రెండోది కాకి ముక్కు, రెక్కలు ఉన్నది. ఆ రెండోదాన్ని చూడగానే అక్కడే ఆగిపోయా. గరుత్మంతుడే! బౌద్ధంతో పాటు చైనా మీదుగా వచ్చి ఇక్కడ 'కరుర' అయ్యాడు, టెంగు ముక్కూ రెక్కలూ ఆయన పోలికే అంటారు. నిజానికి టెంగు అనే పేరుకి అర్థం ఆకాశ కుక్క, 637లో ఉరుములా మోగుతూ పోయిన ఉల్కని చూసి ఒక సన్యాసి ఇది టెంగు అరుపు అన్నాడని జపాన్ పాత చరిత్ర గ్రంథం నిహోన్ షోకిలో ఉంది, ఆ కుక్క ఎప్పుడు పక్షి అయిందో! ఈ గుడి దేవుడు ఇజునా దైగోంగెన్‌లో ఐదుగురు దేవతలు కలిసున్నారట, అందులో కరురతో పాటు మన సరస్వతి, వినాయకుడు కూడా.

అంతలో లోపల డప్పు, శంఖం మోగాయి. 'గోమా' మొదలైందన్నారు. గోమా అంటే హోమమే, మాట కూడా మనదే. ఆ నిప్పు చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

బయటి విగ్రహం ఫొటో అమ్మకి వాట్సాప్‌లో పంపితే "గరుత్మంతుడే కదరా, స్వామేడి?" అని అడిగింది.

దిగేముందు కేబుల్ కార్ స్టేషన్ దగ్గర టెంగుయాకి కొన్నా, టెంగు మొహం అచ్చులో కాల్చి లోపల నల్ల సోయా గింజల తీపి ముద్ద పెడతారు. వేడివేడిగా ఉంది. రెండు చేతులతో పట్టుకోవాలి కదా, మావాడు అప్పుడు వదిలాడు నా చెయ్యి.